వెనక బల్ల

వ్యాను వెనక దొరసాని చక్రాల కుర్చీకి పట్టీలు బిగించి, ఒకసారి గట్టిగా లాగి చూసుకుని, డ్రైవరు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. నడుము కలుక్కుమంది. ఇవాళ్టితో నీకూ నాకూ సెలవేనని నడుముకు మనసులోనే సర్దిచెప్పాడు.

దొరసాని అని ఆ పిల్లకు పేరు పెట్టింది అతనే. సాకేవాళ్లు లేని పిల్లల కోసం నడిచే ఆ హోంలో మిగతావాళ్లంతా కుంటుతూనో పట్టుకునో వ్యాను ఎక్కగలరు. ఈ పిల్ల నడవదు, మాట్లాడదు. మింగలేదు గనుక ఆహారమంతా పొట్టకు అమర్చిన గొట్టంలోంచే. మూర్ఛ ఎప్పుడొస్తుందో తెలియదు గనుక మందుల సంచీతో ఆయా పక్కనే ఉండాలి. అయినా సరే, వ్యాను వెనక భాగమంతా తన జాగీరన్నట్టు దర్జాగా కూర్చుని వీధులన్నీ చూస్తూ బడికి వెళ్తుంది.

"తాతా, ఎగిరించు!" స్పీడు బ్రేకరు కనబడగానే పిల్లలు అరిచారు. డ్రైవరు కొంచెం ఊపు మీదే ఎక్కించాడు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా దొరసాని నవ్వింది.

"ముసలాడా, మందుసీసాలు పగుల్తాయి!" అని ఆయా తిట్టింది. రోజూ తిడుతుంది.

ఆ పిల్ల వచ్చిన కొత్తలో వ్యానులో కుర్చీ పట్టలేదు. ఎక్కించడానికి ఆలస్యమవుతోందని సూపరింటెండెంటు ఆమెను హోంలోనే ఉంచేయమన్నాడు. డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకుని వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. "అందరూ ఎక్కితేనే బండి కదుల్తుంది సార్" అన్నాడు. అతనేమీ వీరుడు కాదు. పై అధికారి ముందు నోరెత్తడం ఉద్యోగంలో అదే మొదలు. కాళ్లు గడగడలాడాయి గానీ, కూర్చుని ఉన్నాడు గనుక ఎవరి కంటా పడలేదు. చివరికి సూపరింటెండెంటే విసుగెత్తి లోపలికి పోయాడు. ఆ సాయంత్రం డ్రైవరు వెనక బల్ల సీటును ఊడదీసి స్టోరుగదిలో పడేశాడు. ఆ ఖాళీలోకి కుర్చీ వచ్చింది.

పిల్లలను బడిలో దింపి వచ్చేసరికి సూపరింటెండెంటు నుంచి పిలుపొచ్చింది. టేబుల్ మీద అతని పెన్షన్ కాగితాలున్నాయి.

"సాయంత్రం నీకు చిన్న టీ పార్టీ. ఈలోగా స్టోర్లో ఉన్న ఆ బల్ల బయటికి తీసిపెట్టు. రేపు కొత్త డ్రైవరు బిగించేస్తాడు."

"మరి దొరసాని?"

"కుర్చీ మోయడం తన పని కాదంటున్నాడయ్యా. నేనేం చెయ్యను? అయినా బడికెళ్లినా ఇక్కడే పడుకున్నా ఆ పిల్లకి తేడా ఏం తెలుస్తుంది?"

"నవ్వుతుంది సార్."

"నవ్వడానికి బడిదాకా ఎందుకు?"

డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి స్టోరుగది ముందు చాలాసేపు నిలబడ్డాడు. బల్ల ఉంటే రేపు బిగిస్తారు. లేకపోతే దేన్ని బిగిస్తారు? భార్యకు ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం ఆమె ఎవరినో అడిగి తెచ్చిన తోపుడుబండితో దిగింది.

"రిటైరైతే గడియారం ఇస్తారని విన్నాగానీ, బల్ల ఇస్తారా ఏంటయ్యా?"

"వాళ్లివ్వలేదే. నేనే పట్టుకెళ్తున్నా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఆ పిల్ల కోసమేనా?"

అతను తలూపాడు.

"పెన్షన్ ఆపేస్తే?"

"ఆపినా ఆపుతారు."

ఆమె బల్ల రెండో కొస పట్టుకుంది. "ఎత్తు మరి. నా కుట్టుమిషన్ ఎక్కడికీ పోలేదుగా" అంది.

సాయంత్రం బడి నుంచి వచ్చాక, "రేపు ఆ కొత్త డ్రైవరు కుర్చీ ఎక్కించనంటే?" అని డ్రైవరు ఆయాను అడిగాడు.

"నేనూ ఎక్కను. ఆయా లేకుండా వ్యాను గేటు దాటకూడదని వాళ్లు పెట్టుకున్న రూలేగా. రేపట్నుంచి ఆ మెట్టు మీద నేను కూర్చుంటాలే, నువ్వు పో."

దొరసానిని కిందికి దింపాడు. "వస్తా దొరసాని గారూ" అన్నాడు. ఆ పిల్ల చూపు అతని మీద లేదు, గేటు బయట పోతున్న సైకిలు మీద ఉంది. అదే మంచిదనుకున్నాడు.

ఆఫీసు గదిలోనే జరిగిన టీ పార్టీలో సూపరింటెండెంటు డ్రైవరు వినయాన్ని గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆయన కూర్చోగానే డ్రైవరు లేచాడు.

"సార్, బల్ల మా ఇంటికి పట్టుకెళ్లాను."

గదిలో బిస్కెట్లు నమలడం ఆగిపోయింది.

"అది హోం ఆస్తి! దీన్ని దొంగతనం అంటారు!"

"అవున్సార్. కేసు పెట్టండి. ఎందుకు తీశావని అడుగుతారుగా, చెప్తాను. లేదంటే కొత్త బల్ల కావాలని పై ఆఫీసుకి రాయండి. వైపర్ పోయిందని రాయిస్తే, అది వచ్చేలోగా రెండు వానాకాలాలు చేత్తో అద్దం తుడుచుకుంటూ నడిపాను. బల్ల వచ్చేసరికి దొరసాని బడి చదువు అయిపోతుంది."

ఆయా టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"నీ కాగితాల మీద నేనింకా సంతకం పెట్టలేదు. గుర్తుందా?"

గుర్తుంది. ఈసారి నిలబడి ఉన్నాడు గనుక కాళ్ల వణుకు అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. కనిపించనీ అనుకున్నాడు.

"మీ ఇష్టం సార్" అని జేబులోంచి గుప్పెడు ఇనుప ముక్కలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "బల్ల బోల్టులు. వీటితో నాకు పనిలేదు."

టీ ముట్టకుండానే బయటికి నడిచాడు. బల్లను ఇంట్లో దించి వచ్చిన భార్య గేటు దగ్గర కాచుకుని ఉంది. అతను రాగానే ఇద్దరూ బస్టాపు వైపు నడిచారు. ఆఫీసులో ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు, సూపరింటెండెంటు కూడా లైటు ఆర్పి వెళ్లాడు. టేబుల్ అద్దం మీద, సంతకం కాని కాగితాల పక్కన, గ్రీజు మరకల మధ్య ఆ బోల్టులు అలాగే పడి ఉన్నాయి.