మా మాటలు తీసెయ్

నేను కథలు రాయను, చెప్తాను. అంట్లు తోముతూ, ఉల్లిపాయలు కోస్తూ, ఉతికిన దుప్పట్లు మడతపెడుతూ చెప్తాను. రాయాలంటే కూర్చోవాలి కదా. నేను కూర్చుంటే చాలు, ఖాళీగా ఉన్నానని ఇంటిల్లిపాదికీ ఎలా తెలుస్తుందో తెలిసిపోతుంది. అందుకని ఫోన్ని ఉప్పు డబ్బాకి ఆనించి, మైకు బొమ్మ నొక్కి, గొంతు తగ్గించి నా మానాన నేను చెప్పుకుంటూ పోతాను. అది నా మాటల్ని అక్షరాలు చేసి పెడుతుంది. దానికి ఒక్కటే జబ్బు. తనా పరా లేదు, ఎవరు మాట్లాడినా రాసేస్తుంది. "ఆమె నది ఒడ్డున నిలబడి దూరమవుతున్న పడవ నీలం చొక్కా ఇస్త్రీ అయిందా లేదా వైపు చూస్తూ చిన్ననాటి స్నేహితుణ్ణి నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావమ్మాయ్ తలచుకుంది." ఇదీ వరస.

ఆఫీసుకి వెళ్ళే బస్సులో, సీటు దొరికితే కూర్చుని, లేకపోతే కమ్మీకి వేలాడుతూ, ఆ చొక్కాలూ కళ్ళజోళ్ళూ ఏరి పారేసేదాన్ని. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. ఏరగా మిగిలిన నదినీ పడవనీ పత్రికకి పంపితే, "భాష బాగుంది, ప్రాణం లేదు" అని తిరిగొచ్చేవి. మా ఆయన మాత్రం ఎప్పుడూ వద్దనలేదు. "రాసుకో, రాసుకో, సీరియళ్ళు చూడ్డం కంటే నయం" అని వచ్చిన చుట్టాలందరి ముందూ అనేవారు. ఒక్కటి చదివిన పాపాన పోలేదు. ఆఫీసులో మా మేనేజరు చదివేవారు లెండి, ఎవరైనా రిటైరైతే వీడ్కోలు ఉపన్యాసం నా చేతే రాయించుకుని మరీ. చప్పట్లు ఆయనకి, ఆ తర్వాత కుర్చీలు సర్దడం నాకు.

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి అత్తయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పత్రిక వాళ్ళ పోటీకి అదే ఆఖరి రోజు. ఫోన్లో ఆ కథవి రెండున్నాయి, ఏరిందొకటి, ఏరనిదొకటి. అత్తయ్యకి కళ్ళలో చుక్కలు వేసి బల్ల మీద కూర్చోబెట్టారు. "నాకేం కనపడటం లేదమ్మాయ్, చెయ్యి వదిలావంటే చూడు" అని నా కుడిచేయి పట్టుకుని కూర్చుందావిడ. ఎడంచేత్తో వెతుక్కుని, ఎడంచేత్తోనే పంపించాను. పంపాక చూసుకుంటే ఏరనిది వెళ్ళింది. ఇంకేముంది, పత్రికాఫీసులో నన్ను చూసి నవ్వుకుంటారు, అంతే కదా అనుకున్నాను. నవ్వించుకోవడం నాకు కొత్తేమీ కాదు.

కొన్నాళ్ళకి ఎడిటరు గారు ఫోన్ చేశారు. పెద్దావిడ గొంతు. "ఏమండీ, ఇన్నాళ్ళూ మాకెవరో ఒకావిడ కథలు పంపిస్తూ వచ్చారు. ఇది మీది! కామా కూడా పెట్టకుండా అలా వదిలేశారు, చదువుతుంటే నాకు ఊపిరాడలేదు."

"నాకూ ఆడటం లేదండీ" అన్నాను.

ఆవిడ పడీ పడీ నవ్వారు. పొరపాటున పంపానని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

అచ్చయ్యాక బస్సులో చదువుకున్నాను. ముందు సిగ్గేసింది. సగానికి వచ్చేసరికి ఏడుపొచ్చింది, పక్కావిడ జరిగి కూర్చుంది. నా బతుకులో నది ఎక్కడుంది, పడవ ఎక్కడుంది? ఇన్నేళ్ళుగా రాళ్ళనుకుని పారేస్తూ వచ్చిందే కథ. ఏరి దాచుకున్నదంతా ఊక. ఇది నాది అని అనిపించిన వస్తువు నాకు పుట్టినింట్లోనూ లేదు, అత్తింట్లోనూ లేదు. ఈ ఒక్క కథే ఉంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను తలకిందులు చేశాను. మా ఆయన ఆఫీసులో ఎవరి భార్యో చదివిందట, చొక్కా రంగుతో సహా పోల్చుకుందట. ఆడపడుచు ఫోన్ చేసి వాళ్ళమ్మకి పొల్లుపోకుండా చదివి వినిపించింది.

"ఇంట్లో అన్నమాట ఇంట్లో ఉండాలి గానీ, ఊరందరి చేతా చదివిస్తావా అమ్మాయ్? నేనేదో గయ్యాళి దాన్నయినట్టు!" అని అత్తయ్య కళ్ళొత్తుకుంది.

"నేను అనలేదని కాదు" అన్నారు మా ఆయన. "అన్నాననే అనుకో, రాస్తారా ఎవరైనా? నీకు నేనేం తక్కువ చేశాను?"

ఏం తక్కువ చేశారో చెప్పమంటే నాకు చటుక్కున ఒక్కటీ తట్టదు. అదే నా ఖర్మ.

అప్పట్నించీ నేను వంటింట్లో ఉంటే ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. అత్తయ్య గుమ్మంలోంచే "ఆ ఫోను కట్టేసి ఉందా?" అని అడిగి మరీ లోపలికొస్తుంది. మా ఆయన మంచినీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపిస్తారు. చొక్కా కావాలంటే కాలరు పట్టుకుని ఆడిస్తారు. మా అమ్మాయి కూడా నేర్చింది, జడ చేతిలో పట్టుకొచ్చి వీపు తిప్పి నిలబడుతుంది. ఏం లాభం? పని ఒక్క పిసరు తగ్గలేదు. సైగ చేసినా నీళ్ళు నేనే ఇవ్వాలి. చెప్పుకోవడానికి ఇదివరకు వాళ్ళ మాటలైనా ఉండేవి, ఇప్పుడు అవీ లేవు. మైకు ముందు నోరు తెరిస్తే నది కూడా రావడం లేదు.

ఇంతలో ఎడిటరు గారు మళ్ళీ చేశారు. మంచి కథలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారట, నాది మొదటి కథట. ఒప్పుకుంటే సాయంత్రంలోగా కథని ఇంకోసారి పంపమన్నారు. పక్కనే మా ఆయన విన్నారు.

"పుస్తకమా? అది ఇంటింటికీ తిరుగుతుంది, ఎప్పటికీ పోదు" అన్నారు, చాలా రోజులకి నోటితో. "నేను వద్దననుగా. వెయ్యనీ. కానీ మా మాటలు తీసెయ్. నావీ, అమ్మవీ, పిల్లదీ, ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు. తీసేసి నాకు చూపించి పంపు."

"తీసేస్తే ఇంకేం మిగుల్తుందండీ?"

"నీ నది ఉంటుందిగా!"

వేయించుకోవద్దంటే పోట్లాడేదాన్నేమో. వెయ్యనీ అన్న మనిషితో ఎలా పోట్లాడాలి? భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన కుర్చీ వెనక నిలబడ్డారు. ఒక్కొక్క మాటా తీసేస్తూ వచ్చాను. చొక్కా తీసేశాను. కళ్ళజోడు తీసేశాను. పిల్ల సాక్సు తీసేశాను. ప్రాణం పోతోంది, చెయ్యి మాత్రం చెప్పినట్టు వింటోంది. ఆఖరికి ఆయన అన్నట్టే నది మిగిలింది. దాన్ని చూస్తే అసహ్యం వేసింది. ఆ ఎవరో ఒకావిడ నది నాకెందుకని అదీ తీసేశాను.

ఇంకేమీ ఉండదనుకున్నాను. కానీ ఉంది. ఇన్నాళ్ళూ ఏరేటప్పుడు గానీ, అచ్చులో చదివి ఏడ్చినప్పుడు గానీ, నా కంటికి ఆనని మాటలు కొన్ని, వాళ్ళ మాటలకీ నా నదికీ మధ్య నలిగిపోయి ఉన్నాయి. ఫోను వాటినీ వదలకుండా రాసింది.

"ఆ వస్తున్నా. అక్కడే ఉంది చూడండి. నేనే తీసిస్తాలెండి. ఇదిగో. లేదు, వింటున్నా. నాదే పొరపాటు. తర్వాత తింటాను. ఏం లేదు, దగ్గంతే. ఏడవట్లేదు, ఉల్లిపాయలు. ఆ వస్తున్నా."

నా గొంతు ఇదా అనుకున్నాను. తర్వాత ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన తన కోసం, వాళ్ళమ్మ కోసం, పిల్ల కోసం జాగ్రత్తగా వెతుక్కుంటూ చివరిదాకా చదివారు.

"మేం ఎక్కడా లేం. మంచిది" అన్నారు. ఫోను తిరిగిస్తూ మొహం చిట్లించారు. "అయినా ఇదేం కథ? ఎవరూ లేని ఇంట్లో ఒక్కతే మాట్లాడుకుంటున్నట్టుంది, పిచ్చిదానిలా."

నా కథ ఆయన సరిగ్గా చదవడం అదే మొదటిసారి. పంపేశాను.