తడి ఆరని బూట్లు

తడి తోలుకు మైనం పెట్టకూడదు. ముప్పై ఏళ్లుగా గూడూరు బస్టాండు పక్కన కూర్చుని ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. బూటు తడిస్తే లోపల కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టాలి. ఎండకు పెడితే తోలు పెళుసవుతుంది, నిప్పు దగ్గర పెడితే పగులుతుంది. బాగా ఆరిన తర్వాత ఆముదం వెచ్చజేసి బట్టతో పట్టించాలి. మర్నాడు తేనెమైనం కరిగించి కుట్ల మీద వేలితో రుద్దాలి. నీళ్లు దూరేది కుట్లలోంచే మరి. ఊరందరికీ ఇన్ని నీతులు చెప్పే బక్కయ్య, అంటే నేను, వెంకట్రాం బూట్లకు ఏం చేశాడో చెప్తాను.

వెంకట్రాం అడవిలో వాచరు. రోజూ పొద్దున్నే వాగు దాటి పోయేవాడు, చీకటి పడకముందే తిరిగి వచ్చేవాడు. మంచివాడే గానీ మహా నస మనిషి. "అన్నా, వానలు మొదలైతున్నయి, నా బూట్లల్ల నీళ్లు దూరకుండ చెయ్యవా" అని దారిన పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి అడిగేవాడు. అప్పుడే బడులు తెరిచారు, పిల్లల బూట్లు కుప్పపడి ఉన్నాయి. నాకు చిరాకు లేచి రేపు రేపు అని మూడు రోజులు తిప్పాను. నాలుగో రోజు వచ్చి, బూట్లు విప్పి నా ముందు పెట్టి, ఇక కదలనని బల్ల మీద కూర్చున్నాడు.

బూట్లు తడిగానే ఉన్నాయి. కుంపటి మీద పట్టి గంటలో ఆరబెట్టాను. ఆముదం అయిపోయింది, మైనం లేదు. పక్కనే జైపాల్ ట్రాక్టర్ల షెడ్డు. అక్కడ డబ్బాలో కాలిన ఇంజిన్ ఆయిల్ ఎప్పుడూ ఉంటుంది. మా దిక్కున దాన్ని దేనికైనా వాడతారు, తలుపు బందులకు, బండి ఇరుసుకు, చెదలు పట్టకుండా దూలాలకు. దాని మీద నీటిచుక్క నిలవదు, అది నిజమే. కానీ అది కుట్టు దారాన్ని తినేస్తుంది. ఆ సంగతి జైపాల్‌కు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. తెలిసే పూశాను. బూట్లు నల్లగా నిగనిగలాడాయి. "కొత్తవాటి లెక్క చేసినవన్నా" అని వెంకట్రాం మురిసిపోయి తొడుక్కుని పోయాడు.

నెల తిరక్కముందే వాగులో పోయాడు. బూటు అడుగు అట్ట ముందు నుంచి ఊడి, రెండు బండల నడుమ ఇరుక్కుని, కాలు రాలేదని బయటికి తీసినవాళ్లు చెప్పారు. అతను అడుగుపెట్టినప్పుడు నీళ్లు మోకాలి లోతేనట. పైనుంచి వరద ఒక్కసారే వచ్చిందట. వాగు తీసుకుపోయింది పాపం అని ఊరంతా అన్నారు. నేనూ అన్నాను.

పదమూడో రోజు దాటాక, ఒక గురువారం పొద్దున, వెంకట్రాం భార్య కనకలక్ష్మి యూరియా సంచి పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. సంచిలో ఆ బూట్లే ఉన్నాయి.

"వీటిని మంచిగ చెయ్యాలె అన్నా. సోమారం నాడు మా పూజ తొడుక్కొని డ్యూటీకి పోతది" అంది.

పూజ వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. డిగ్రీ అయిపోయింది. తండ్రి జాగాలో తీసుకుంటామని అడవి ఆఫీసువాళ్లు మాటిచ్చారట.

"ఆడపిల్లకు గివి పెద్దగైతయి గద చెల్లె. కొత్తయి కొనరాదు?"

"ఎన్ని కొత్తయి ఉన్నా గివే తొడగాలె. మూడొద్దుల నాడు పిట్ట ముట్టలే అన్నా. కూర పెట్టినం, కల్లు పెట్టినం, బీడి ముట్టిచ్చి పెట్టినం. కాకులు చెట్టు మీద కూసున్నయి గని కిందికి దిగలే. పొద్దు వంగింది. అందరు తలా ఓ మాట ఇచ్చిండ్రు, ముట్టలే. ఆఖరికి నేనే మొక్కి, నీ బూట్లు బాగుచేపిచ్చి నీ బిడ్డకు తొడిగిస్త అన్న. గప్పుడు దిగినయి."

ఇక ఏమంటాను? చనిపోయినవాడి పేరున పెట్టిన ముద్దను, ఏ మాట ఇస్తే పిట్ట ముట్టిందో ఆ మాట తప్పినవాళ్లు మా ఊళ్లలో లేరు. సంచి తీసుకున్నాను. ఆమె మెట్టు దిగి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"అన్నా, నువ్వు చేసిచ్చినప్పుడు బూటు మంచిగనే ఉండె గద?"

"మంచిగనే ఉండె చెల్లె" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే ఇంకో మాట కలిపాను. "నా చేతిపని నీకెరుక గద."

ఆమె తలూపి పోయింది.

ఈసారైనా పద్ధతిగా చేద్దామని బూట్లు కడిగి, పాత పేపర్లు గట్టిగా కుక్కి, నీడన పెట్టి తాళం వేసుకుని పోయాను. శుక్రవారం పొద్దున తెరిచేసరికి కాగితాలు నాని ముద్దయ్యాయి. ఎడమ బూటు మడమ దగ్గర వేలెడు లోతు నీళ్లున్నాయి. ఎర్రటి వాగునీళ్లు, పాచి వాసన. పైకప్పు కారిందేమోనని రేకు చూశాను, దానికి ఒక్క చిల్లూ లేదు. నీళ్లు పారబోసి, కొత్త కాగితాలు కుక్కి, ఈసారి గోడ మీది పలక మీద పెట్టాను.

శనివారం మళ్లీ అంతే. పైగా పలక కింద నుంచి గడప దాకా సిమెంటు మీద తడి అడుగులు. అన్నీ ఎడమకాలివే. ముందుభాగం సాఫుగా లేదు, అట్ట ఊడిన బూటు ఈడ్చినట్టు ఉంది. నా భార్య రాధమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, ఆ అడుగులు చూసి, డబ్బా కింద పెట్టింది. తన కాలు ఒక అడుగు పక్కన ఆనించి చూసుకుంది. తర్వాత నా కాలు పెట్టమంది. ఆ అడుగు నా కాలికన్నా కూడా రెండు వేళ్లు పొడుగ్గా ఉంది.

"గా పిలగానికి ఏం చేసినవ్?" అని అడిగింది.

చెప్పాను. కుంపటి, ఆయిల్, అన్నీ. భార్యకు చెప్పడం ఏం కష్టం? చెప్పగానే ప్రాణం తేలికపడింది కూడా. రాధమ్మ నా తేలిక చూసి మండిపడింది.

"నాకు చెప్తే ఏమొస్తది? వాగుల పోయింది నా మొగడా? ఎల్లుండి గా పిల్ల గివే తొడుక్కొని గదే వాగు దాటుతది. సిగ్గుంటే పోయి ఆళ్లకు చెప్పు."

"ఊళ్లె తలెత్తుకోగల్గుతనానే? నా దగ్గరికి ఇంక చెప్పైనా తెస్తరా?"

"దించుకోని కూసోనే గద నువ్వు పని చేసేది" అని డబ్బా నా ఒళ్లో పెట్టి పోయింది. మా ఇంటిది మాట విసిరిందంటే ముల్లు దిగినట్టే.

నేను వెళ్లలేదు. పని మంచిగా చేస్తే చెప్పే అవసరమే ఉండదు కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. కొత్త నైలాన్ దారం తీసి అట్ట కుట్టబోతే, సూది తోలులోకి తడిసిన అట్టపెట్టెలో దిగినట్టు దిగింది. దారం లాగితే తోలే చినిగింది. లోపలి నుంచి కుళ్లిపోయింది. అక్కడే ఆపాలి. ఆపలేదు. జిగురు పూశాను, చుట్టూ చిన్న మేకులు కొట్టాను, నల్ల పాలిష్ దట్టంగా పెట్టి మెరిపించాను. ఆదివారం సాయంత్రానికి అవి అచ్చం ఆ రోజు లాగే నిగనిగలాడాయి. వారం రోజులు ఆగితే గొప్ప. తర్వాత ఆ పిల్ల ఎక్కడ ఉంటుందో, ఏ బండల నడుమ ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ ఇంటికి పోయి అన్నం తిన్నాను. నన్ను ఏ పేరు పెట్టి తిట్టినా చిన్నదే.

సోమవారం పొద్దున తుంపర పడుతోంది. మొదటి రోజు అడవి ఆఫీసుకు పోయి చేరాలట, ఏడు గంటల బస్సుకని తల్లీ బిడ్డా వచ్చారు. వాళ్లు రాకముందే నేను రెండు బూట్లలోనూ చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉన్నాయి. ఒక్క రోజైనా కనికరించాడు అనుకున్నాను. పూజ బల్ల మీద కూర్చుని, రెండు జతల సాక్సులు వేసుకుని, బూటు ముందుభాగంలో దూది కుక్కి, కాళ్లు దూర్చి తాళ్లు బిగించింది. లేచి నాలుగడుగులు వేసింది.

చప్, చప్ మని చప్పుడైంది. ఎడమకాలిదే.

"బాపు ఇంట్లకొచ్చినట్టే ఉన్నది అమ్మా" అంది పూజ. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. తాళ్ల రంధ్రాల్లోంచి ఎర్రటి నీళ్లు పైకి ఉబికి బూటు మీదుగా జారాయి. "పెద్దబాపూ, లోపల మస్తు సల్లగున్నది. ఎవలో కాలు పట్టుకున్నట్టున్నది."

కనకలక్ష్మి ఆ నీళ్లు చూసింది. చూసి ముఖం తిప్పుకుంది.

"తోలు గట్లనే ఉంటది, తొడుగంగ తొడుగంగ అలవాటైతది. పా, బస్సొస్తది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మంచిగనే ఉన్నయి గద అన్నా?"

ఆమె గొంతులో ఏదో ఉంది. అడుక్కుంటున్నట్టు ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. నాకు ఆ పిల్ల కాలు ఒక్కటే కనిపిస్తోంది. కింద కూర్చుని ఆ కాలు రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇడువు బిడ్డా. గివి తొడగొద్దు" అన్నాను. తల ఎత్తకుండానే అంతా చెప్పేశాను. మైనానికి బదులు కాలిన ఆయిల్ పూశానని, దారం కుళ్లుతుందని తెలిసే పూశానని, మీ బాపు కాలు ఇరికింది నా పని వల్లేనని, ఇప్పుడు కొట్టిన మేకులు కూడా దొంగపనేనని. తల్లి చెప్పు తీసి కొడుతుందని ముఖం అలాగే ఉంచాను. దెబ్బ పడలేదు.

కనకలక్ష్మి బల్ల మీద కూలబడింది. తర్వాత మాతో కాదు, ఆ బూట్లతో అన్నట్టు అంది.

"ఆ దినం ఆయన పోనన్నడు. బూటు నోరు తెరిసింది, వాగు జోరు మీదున్నది, ఇయ్యాల పోను అన్నడు. నేనే తిట్టిన. పెద్ద సారు వస్తడట, పోకుంటే ఉన్న కొలువు ఊడుతది అన్న. బక్కన్న చేతిల పడ్డ బూటు, జరంత తెరిస్తే ఏమైతది పో అని తీగె చుట్టి కట్టిచ్చిన. గా తీగె బండలల్ల చిక్కింది. నీకాడికి తెచ్చేముందు నేనే తెంపి పారేసిన." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు మంచిగుండె అన్నవు గద. బూటు మంచిదైతే నేను పంపుడు తప్పు కాదు అనుకున్న. నాలుగొద్దులాయె, గా మాట పట్టుకొనే జర కన్ను మూస్తున్న."

పూజ వంగి, తాళ్లు విప్పి, బూట్లు ఊడదీసి, సాక్సులు కూడా తీసి వాటి మీద పెట్టింది. తల్లి వైపు చూసింది. నేను ఎన్నో కోపాలు చూశాను, ఆ చూపు కోపం కూడా కాదు.

"బాపు పోనన్నడా?" అంది.

తల్లి చెయ్యి చాచింది. పూజ ఆ చేతికి అందకుండా పక్కకు జరిగి, వట్టి కాళ్లతోనే తుంపరలోకి దిగి బస్సు వైపు నడిచింది. "పూజా, జర ఆగు బిడ్డా" అని కనకలక్ష్మి లేచింది. పూజ వెనక్కి తిరగలేదు. బస్సెక్కి అవతలి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలి నెక్కొండ రోడ్డు మలుపు తిరిగేదాకా కనకలక్ష్మి అక్కడే నిలబడింది.

"నువ్వు చెప్పకుంటే నీకేం పోతుండె అన్నా?" అని అడిగింది, నా వైపు చూడకుండానే.

"నీ బిడ్డ నీకు లేకుంటైతుండె చెల్లె" అన్నాను.

"ఇప్పుడు మాత్రం యాడున్నది?" అంది.