సువార్త నోట్స్

నేను ఒక లాంగ్ నోట్‌బుక్‌ని. రెండు వందల పేజీలు, నీలం అట్ట, ప్రతి పేజీకీ ఎడమ పక్కన ఎర్రటి మార్జిను గీత. గీతల యంత్రం కింద పడుకుని ఒళ్ళంతా చారలు వేయించుకుని, ఆడవాళ్ళ చేతుల్లో మడతలు పడి, నడుముకి రెండు పిన్నులు కొట్టించుకుని ఈ లోకంలోకి వచ్చాను. ఏలూరు బస్టాండు దగ్గర ఒక పుస్తకాల కొట్లో నెల రోజులు దుమ్ము కొట్టుకున్నాక, ఒక అమ్మాయి నన్ను తీసి, కాగితం వెనక్కి ఇంకు దిగుతుందేమోనని వెలుతురుకి ఎత్తి చూసి మరీ కొనుక్కుంది.

ఆమె పేరు సువార్త. నరసాపురం అవతల రేవు పల్లె. ఇంటరయ్యాక రెండు వేసవులు తల్లితో పాటు రొయ్యల షెడ్డులో తలలు తుంచింది. ఆ ఐసు నీళ్ళకి ఒరిసిపోయిన వేళ్ళు ఇంకా పూర్తిగా మానలేదు. ఊళ్ళో తెలిసినవాళ్ళలో ఒకాయన అప్లికేషన్ పెట్టిస్తే ఏలూరు నర్సింగు స్కూల్లో సీటొచ్చింది. హాస్టల్లో అడుగుపెట్టిన రోజే నాకు బ్రౌన్ అట్ట వేసి, దాని మీద ‘అనాటమీ అండ్ ఫిజియాలజీ’ అని గుండ్రంగా రాసింది. అంత శ్రద్ధగల చేతిలో పడినందుకు పొంగిపోయాను.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల. క్లాసులో పాఠమంతా ఇంగ్లీషు. అర్థం చేసుకుంటూ కూర్చుంటే రాయడం వెనకబడుతుంది, రాస్తూ పోతే అర్థం కావడం వెనకబడుతుంది. సువార్త రాయడాన్నే నమ్ముకుంది. ఫిలోమినా మేడమ్ నోట్లోంచి ఏ మాట జారినా నా మీద పడాల్సిందే. ఒకసారి మేడమ్ మధ్యలో ‘క్లోజ్ ద విండో ప్లీజ్’ అంటే, అదీ ఊపిరితిత్తుల పాఠంలో భాగమనుకుని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించేసింది. హెడ్డింగులు ఎర్ర ఇంకు, మిగతాది నీలం, బొమ్మలకి రంగు పెన్సిళ్ళు. గుండె బొమ్మ వేయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుంది.

కొద్ది రోజుల్లోనే హాస్టల్లో నా పేరు మారిపోయింది. అందరూ నన్ను ‘సువార్త నోట్స్’ అనేవారు. “ఏమే, సువార్త నోట్స్ ఎవరి దగ్గరుంది?” అని వరండాల్లో కేకలు. జిరాక్సు మిషను గాజు మీద నన్ను బోర్లా పడుకోబెట్టి ఎన్నిసార్లు మెరిపించారో లెక్కలేదు. సువార్త ఎవరికీ కాదనలేదు. ఊళ్ళో రొయ్యల షెడ్డు పిల్లగా తప్ప ఎవరికీ తెలియని మనిషి, ఇక్కడ నా పుణ్యమా అని పేరు సంపాదించుకుంది. మనుషులు కూడా మాలాగే, అట్ట చూసి మురిసిపోతారు.

మొదటి ఏడాది పరీక్షలు జరిగాయి. నా జిరాక్సు చదివిన పద్నాలుగు మందీ పాసయ్యారు. సువార్త అనాటమీ తప్పింది.

ఫలితాలు చూసి గదికొచ్చి, నన్ను మంచం కిందకి తోసేసింది. ఆమె ఏడుపు విన్నాను. సప్లిమెంటరీలో కూడా తప్పితే ఏడాది పోతుంది. అంతకంటే ముందే తల్లి వచ్చి తీసుకుపోతుంది. ఫోన్లో ఆమె గొంతు నా దాకా వినిపించింది. “అంత కష్టవైతే వచ్చెయ్యవే. షెడ్డులో మనుషులు కావాలంటన్నారు.” తిట్టినా బాగుండేది. అంత మెత్తగా చెప్పేసరికి సువార్త ఫోను పెట్టేసింది.

అదే గదిలో ఉండే హుస్నా పాసైంది. ఏలూరు పిల్లే. ఆమె పుస్తకం నాకు తెలుసు, పక్క అల్మరాలో ఉండేది. చూస్తే జాలేసేది. పేజీకి పది ముక్కలు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మిగిలిందంతా బాణం గుర్తులు. రంగు పెన్సిలు మొహమే ఎరగదు. అలాంటి పుస్తకం పెట్టుకున్నది పాసవడం నాకు నచ్చలేదు. సువార్తకి అంతకంటే నచ్చలేదు.

“నేను రాసిందాంట్లో తప్పేవుంది చెప్పు?” అని ఆ సాయంత్రం నిలదీసింది.

హుస్నా మంచం కిందనుంచి నన్ను లాగి, దుమ్ము దులిపి, ఒళ్ళో పెట్టుకుంది. “తప్పేం లేదు. గుండెలోకి రక్తం ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది, చూడకుండా చెప్పు.”

“నలభై ఆరో పేజీలో ఉంది. కుడివైపు పైన, ఎర్ర ఇంకుతో...”

“పేజీ నేనడగలేదు.”

సువార్త నా కోసం చెయ్యి చాచింది.

“నీ పుస్తకానికి అన్నీ వచ్చు సువార్తా. పరీక్ష దానికి పెడితే బాగుండేది,” అంది హుస్నా. వెక్కిరింపుగా అనలేదు. అయినా రెండు రోజులు వాళ్ళ మధ్య మాటల్లేవు.

మూడో రోజు నుంచి సువార్తకి ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు డ్యూటీ పడింది. నన్ను సంచిలో వేసుకుని వెళ్ళింది. పదకొండో మంచం మీద మంగతాయమ్మ అని ఒక ముసలామె. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. గుండె జబ్బు, ఆయాసం. కాళ్ళు రెండూ పొంగి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

“నర్సమ్మా,” అంది. “జబ్బు గుండెకంటారు. మరి కాళ్ళెందుకు పొంగుతన్నాయి? డాట్రుగారినడిగితే నీకర్థం కాదులే అన్నాడు. నువ్వు చెప్పు.”

ఆ సమాధానం నాలో ఉంది, సువార్త తన చేత్తోనే రాసింది. “ఇప్పుడే వస్తాను మామ్మగారూ,” అని పక్కనున్న డ్రెస్సింగు గదిలోకొచ్చి నన్ను తెరిచింది. నలభై ఆరు, నలభై ఏడు పేజీలు. ఇన్నాళ్ళూ ఆమె నన్ను చదివిందంటే, కళ్ళతో తడిమిందనే అర్థం. ఆ రోజు మొదటిసారి నన్ను అడిగింది. ఈ మాటకి అర్థమేంటి? తర్వాత ఏమవుతుంది? అయితే నీళ్ళు ఎక్కడికి పోతాయి? మూడుసార్లు చదివి, నన్ను మూసి, గోడకేసి చూస్తూ పెదాలు కదిపింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది.

తర్వాత వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

“చెరువులో నీళ్ళు తోడే మోటారు ఉంటుంది కదా మామ్మగారూ. అది నీరసపడితే ఏమవుద్ది?”

“ఏవవుద్ది, నీళ్ళు తోడదు. యెనకాల నిలబడిపోతాయి.”

“మీ గుండె అదే మోటారు. కిందనుంచి రావాల్సిన రక్తాన్ని పూర్తిగా లాగలేకపోతోంది. అది వెనకే నిలబడితే, అందులో నీరు కాళ్ళలోకి ఊరుతోంది.”

మంగతాయమ్మ తన కాళ్ళకేసి కొత్తగా చూసుకుంది. “మరి ఉప్పు తినొద్దంటారేం? ఉప్పుకీ మోటారుకీ ఏంటి సమ్మంధం?” అంది.

సువార్త నిజం చెప్పింది. “నాకు తెలీదు మామ్మగారూ. రేపు చెప్తాను.”

హాస్టలుకి వస్తూనే నా మార్జినులో పెన్సిలుతో తెలుగులో రాసింది, ‘ఉప్పు ఎందుకు వద్దు?’ ఆ ఎర్రగీత దాటి అంతవరకూ ఒక్క చుక్క కూడా పడలేదు. నాకు చురుక్కుమంది. జవాబు నాలో దొరకలేదు. రెండు రోజుల మౌనం మింగేసి హుస్నానే అడిగింది. ఇద్దరూ కూర్చుని లైబ్రరీ పుస్తకాలు తిరగేశారు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, అందుకని.

మర్నాడు అది చెప్పగానే మంగతాయమ్మ మొహం మారిపోయింది. తలగడ కింద చెయ్యి పెట్టి ఒక కాగితం పొట్లం తీసింది. ఉప్పేసి ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు. ఆసుపత్రి కూడు చప్పగా ఉందని కోడలి చేత రోజూ తెప్పించుకుంటోందట. “ఉప్పు మానెయ్, ఉప్పు మానెయ్ అన్నారే గానీ, ఎందుకో ఒక్కళ్ళూ చెప్పలేదమ్మా,” అని ఆ పొట్లం సువార్త చేతిలో పెట్టింది. సువార్త వెంటనే ఆ సంగతి డ్యూటీ సిస్టరుకి చెప్పింది. వారం తిరిగేసరికి కాళ్ళ వాపు చాలావరకు దిగింది. మందుల వల్లనే అన్నారు డాక్టరుగారు. కాదనడానికి నేనెవర్ని.

అప్పట్నుంచి నా అందం గంగలో కలిసింది. వార్డులో ఎవరేం అడిగినా సాయంత్రానికి అది నా మార్జిను మీదకెక్కేది. ‘పుండు చుట్టూ ఎర్రగా ఎందుకు?’ ‘నిద్రలో ఊపిరి ఎవరు గుర్తు చేస్తారు?’ పాఠం చదవడం, నన్ను మూసి పక్కన పెట్టడం, పాత క్యాలెండరు వెనకవైపు గుర్తున్నంతా రాయడం, మళ్ళీ నన్ను తెరిచి మర్చిపోయిన ముక్క కింద గీత కొట్టడం. అలా గీత కొట్టీ కొట్టీ కొన్నిచోట్ల కాగితం చిరిగింది. గుండె బొమ్మ మీద అడ్డదిడ్డంగా బాణాలు పడ్డాయి. ఊపిరితిత్తుల మధ్యనుంచి కిటికీని కొట్టేసింది. కొన్ని పేరాలకి ‘ఇది నాకు అర్థం కాలేదు’ అని పక్కనే నిజం ఒప్పుకుంది. జిరాక్సుకి తీసుకెళ్ళినవాళ్ళు నాలుగు పేజీలు తిప్పి, “ఇదేంటే, ఇలా పాడు చేసుకున్నావు?” అని తిరిగిచ్చేసేవారు. నా కీర్తి అలా ముగిసింది. కొన్నాళ్ళు బాధపడ్డాను. తర్వాత అలవాటైంది. రోజుకి పదిసార్లు తెరిచి మూసే చెయ్యి ఉంటే అందం గురించి ఆలోచించే తీరిక దొరకదు.

సప్లిమెంటరీలో సువార్త పాసైంది. గొప్ప మార్కులేం కావు, అరవై రెండు. ఫోన్లో తల్లికి చెబుతుంటే అటువైపు షెడ్డులో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అరిచిన అరుపు నాకు వినిపించింది.

మిగతా రెండేళ్ళలో నా తర్వాత ఇంకో ఏడెనిమిది పుస్తకాలు వచ్చాయి. అవన్నీ పుట్టినప్పటినుంచే గజిబిజి. కోర్సు అయిపోయింది. పోలవరం అవతల ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. గది ఖాళీ చేసే రోజు ట్రంకు పెట్టె నిండిపోయింది. సువార్త నన్ను చేతిలోకి తీసుకుంది. ఊడిపోయిన పిన్ను, నూనె మరకల అట్ట. నాలుగు పేజీలు తిప్పి, మెల్లగా మూసింది.

గేటు దగ్గర పాత కాగితాల బండి ఆగి ఉంది. బండతను నడివయసు మనిషి, చదువంటే గౌరవం ఉన్నవాడిలా కనిపించాడు. నన్ను అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చదువుల పుస్తకంలాగుందమ్మా. ఇంత రాసుకున్నారు. అవసరం పడదా?”

“లేదండీ,” అంది సువార్త. “చదివేశాను.”

రాసేశాను అనలేదు. అతను నన్ను తూకం మీద పెట్టాడు. ఆమె బస్సు కోసం రోడ్డు దాటుతూ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.