నొప్పి లేదన్న మనిషి

"నొప్పిగా ఉందా, మినోబెగారూ?"

"అబ్బే, ఏం లేదు. మీరు కానివ్వండి డాక్టరుగారూ."

మినోబె జపాన్‌లోని మోరియోకా ఊళ్లో నేలమీద పరిచే తాతామి చాపలు కుట్టి కుట్టి నడుం వంగిన ముసలాయన. మణికట్టులోంచి గొట్టం పంపి, పూడుకుపోతున్న గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేసి డాక్టర్ కుజుమి స్టెంట్ పెట్టింది. తెర మీద రక్తం బాగానే పారుతోంది. ఆయన మాట నమ్మి, స్టెంట్‌కి దారి చూపిన సన్నని తీగను బయటికి లాగేసింది. అది లోపలున్నంతసేపూ దారి చేతిలో ఉన్నట్టే.

కాసేపటికే నర్సు హోన్మా, "బీపీ పడిపోతోందండీ!" అని కేక పెట్టింది. నాళం తెర మీద కనబడేలా మళ్లీ రంగు మందు వదిలి చూస్తే, స్టెంట్ చివర నాళం లోపలి పొర చిరిగి దారికి అడ్డంపడింది. అవతలికి చుక్క రక్తం పోవడం లేదు.

ముసలాయన నుదురంతా చెమట.

"ఇప్పుడెలా ఉంది?"

"కొంచెం బరువుగా... బెలూన్ ఉబ్బించినప్పట్నుంచీ. పనిలో ఉన్నారు కదా, మధ్యలో చెబితే బాగోదని."

కుజుమికి ఒళ్లు మండింది. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. ఇక్కడ ప్రాణమే పోయేలా ఉంది. అయినా అడిగి నమ్మడం తనదే బుద్ధి తక్కువ. ఈ ఊరి ముసలివాళ్లు ఇల్లు కాలుతున్నా కాస్త వెచ్చగా ఉందంటారు.

కొత్త తీగ పంపింది. అది చిరిగిన పొర కిందికే దూరింది. లాగి, కొన ఇంకాస్త వంచి పంపింది. మళ్లీ అక్కడికే. ఎక్స్‌రే తగలకుండా వేసుకున్న సీసపు కోటు కింద వీపు తడిసిపోయింది.

"ఏం లేదులెండి, మీరు తొందరపడకండి," అన్నాడు మినోబె, పళ్లు బిగించి.

"మీ మర్యాద మండిపోనూ! నొప్పిగా ఉంటే నొప్పని అరవండి!"

హోన్మా నోరెళ్లబెట్టింది. ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

"నొప్పి! చచ్చిపోతున్నానమ్మా, నొప్పి!"

"ఆ, అలా చెప్పండి!" అంటూ కుజుమి తీగను మెల్లగా తిప్పింది. ఈసారి అది పొర కింద దూరకుండా అసలు దారిలోంచి అవతలికి జారింది. చిరిగినచోట రెండో స్టెంట్ పెట్టింది.

"తగ్గింది," అన్నాడు మినోబె. కుజుమి తెరవైపే చూసింది. రక్తం నాళం కొసదాకా పారుతోంది.

బయట ఆయన భార్య సాయో లేచి వంగి నమస్కరించింది. "మావారు మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు కదా?"

"గండం గడిచిందమ్మా. మధ్యలో నొప్పని గట్టిగా అరిచారు."

"ఆయనా? అరిచాడా?" సాయో బెంచీ మీద కూర్చుండిపోయింది. "తాతలనాటి చాపల కొట్టు మూసేసిన రోజున ఎంత అడిగానో. ఏం లేదనే అన్నాడు. బాధగా ఉందని నాతో ఒక్కసారి అనుంటే ఏం పోయేది?"

"మీకెలా ఉందమ్మా?"

"నాకేంటి, ఏం లేదు డాక్టరుగారూ."

కుజుమి నమ్మలేదు. పక్కనే కూర్చుంది.