సుద్దబాణం

ఒకే ఇంటి తోడికోడళ్లు ఒకే కుట్టు కార్ఖానాలో పనిచేయకూడదని ఎవరైనా చట్టం చేస్తే ఎంత బాగుండును! పొద్దున పొయ్యి దగ్గర మొదలైన మూతివిరుపులు సాయంత్రం దాకా మిషన్ల మధ్య కూడా వెంటాడతాయి. పెద్దకోడలికి ఇప్పుడు అదే గతి పట్టింది. నిన్నమొన్నటిదాకా కత్తిరింపు బల్ల ఆమెది. ఆ బల్ల దగ్గర నిలబడే మనిషే కార్ఖానాకి పెద్ద. గోడకి వేలాడే పెద్ద కత్తెరను ఆ మనిషి తప్ప ఇంకొకరు ముట్టుకోరు. ఇప్పుడు ఆ కత్తెర చిన్నకోడలి చేతిలో ఉంది. పెద్దకోడలేమో మూలనున్న మిషను మీద ముక్కలు కలిపి కుడుతోంది. కడుపు మండదా మరి?

కత్తెర ఎలా పోయిందో కూడా చెప్పాలి. నాటకాల హాలుకి వెల్వెట్ తెర కుట్టే పని వచ్చింది. వెల్వెట్‌కి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే మెత్తగా పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేచి నిలబడుతుంది. ఒక ముక్కకి నూగు కిందికీ, పక్క ముక్కకి పైకీ ఉంటే ఒకే తాను బట్ట రెండు రంగుల్లో కనిపిస్తుంది. అందుకే ప్రతి ముక్క వెనకా నూగు ఎటుందో సుద్దతో బాణం గీయడం కార్ఖానాలో ఆనవాయితీ. ఆ రోజు మాత్రం పెద్దకోడలు, "ఇన్నేళ్ల చెయ్యి, నాకు బాణాలెందుకు?" అని గీయకుండా కత్తిరించింది. హాల్లో తెర వేలాడదీసి దీపాలు వేసేసరికి అంతా చారలు చారలు. ఓనరు అందరి ముందూ దులిపేశాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

తప్పులు ఎవరికి జరగవు చెప్పండి? ఆ తర్వాత ఆమె మళ్లీ లేవలేదు, అదీ అసలు సంగతి. ఎవరితోనూ మాట్లాడదు. కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు కెలికి లేచిపోతుంది. భర్త పలకరిస్తే కస్సుమంటుంది. పైగా చిన్నకోడలు ఏం చేసినా కంట్లో నలుసే.

హాలువాళ్లు మంచివాళ్లు గనక మళ్లీ ఒక అవకాశం ఇచ్చారు. ఓనరు బల్ల దగ్గరికొచ్చి గట్టిగానే చెప్పాడు.

"ఈ తెర బాగా కుదిరితే కత్తెర చిన్నమ్మాయికే ఖాయం. ఇది కూడా పాడైతే మాత్రం పాతమనిషికే ఇచ్చేస్తా."

ఆ మాట విన్నప్పటి నుంచీ పెద్దకోడలి ప్రాణమంతా ఆ తెర మీదే ఉంది. పాడవ్వాలి. ఎలాగైనా సరే, పాడవ్వాలి. మనసులో అలా అనుకోవడానికి ఆమె సిగ్గు కూడా పడలేదు.

చిన్నకోడలు బట్ట పరుస్తూ అందరినీ సలహా అడుగుతోంది. అడగడమేమిటసలు, పెద్ద అయ్యుండి! ఇస్త్రీ తాత ఆమెకి మొదటి టీ అందిస్తున్నాడు. ఒకప్పుడు ఆ మొదటి టీ ఎవరిది? పెద్దకోడలు పళ్లు నూరుకుంది.

"అక్కా, బాణాలన్నీ గీశాను. ఒక్కసారి చూసిపెట్టవూ?"

"నేనెవర్నమ్మా చూడ్డానికి? బల్ల నీది, కత్తెర నీది. కానివ్వు, కానివ్వు."

చిన్నకోడలు ముక్కలు మడతపెట్టి కుట్టేవాళ్లకి పంచింది. పెద్దకోడలి వాటా ఆమె ఒళ్లో పడింది. అవతల బల్ల దగ్గర ఏదో జోకు పేలింది. అందరూ పగలబడి నవ్వారు. తనని చూసే నవ్వుతున్నారేమో! చెవులు అటు పారేసి, కాలు మిషను మీద వేసి టకటకా కుట్టేసింది. ముక్క వెనక్కి తిప్పి చూడనేలేదు. దీని గీతలు నేను చూడాలా, నేను?

తెర పూర్తయింది. పైన దూలానికి కట్టి, కిటికీలు బార్లా తెరిచారు. అందరూ వెనక్కి జరిగి చూశారు. నడుమ ఒక్క ముక్క వెలిసిపోయినట్టు కనిపిస్తోంది.

హమ్మయ్య! పెద్దకోడలి గుండెలో బాజాలు మోగాయి.

చిన్నకోడలు దగ్గరికెళ్లి ఆ ముక్కని అరచేత్తో నిమిరింది. అంచు ఎత్తి వెనకవైపు చూసింది. ఓనరు వైపు తిరిగింది.

"తప్పు నాదేనండీ. ఇప్పుడే విప్పి సరిచేస్తాను."

ఓనరుకి కోపమొస్తే ముందూ వెనకా చూడడు. ఆమె చేతిలోంచి కత్తెర లాక్కుని పెద్దకోడలి చేతిలో పెట్టాడు. "ఇంద, నువ్వే నయం!"

కత్తెర పిడి ఆమె వేళ్లకి ఇట్టే అమిరింది. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే నువ్వు అనిపించింది. చిన్నది గీసిన తప్పుడు బాణాన్ని కళ్లారా చూసి సంబరపడదామని తెర వెనక్కి వెళ్లింది.

మిగతా బాణాలన్నీ కిందికి ఉన్నాయి. ఆ ఒక్కటే పైకి ఉంది. నిమిరి చూసింది. నూగు బాణం చెప్పినవైపే ఉంది. బాణంలో తప్పులేదు. ముక్కనే తలకిందులుగా కుట్టారు. కుట్టు చివర దారం మెలిపెట్టి వేసిన ముడి ఉంది. కార్ఖానా మొత్తం మీద అలా ముడివేసే మనిషి ఒక్కతే. ఆ కత్తెర పట్టుకుని నిలబడ్డ మనిషే.

ఆమె తెర సందులోంచి చూసింది. చిన్నకోడలు అప్పుడే స్టూలు లాక్కుని, కుట్లు విప్పే బ్లేడు వెతుక్కుంటోంది. కళ్లు తడిగా ఉన్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. ఏం మనిషి ఇది? నలుగురిలో పరువు పోతే కుంగిపోవద్దూ? మూల కూర్చోవద్దూ? పెద్దకోడలికి కత్తెర పోయినప్పుడు కూడా అంత కుళ్లు పుట్టలేదు, ఆ చేతుల్ని చూస్తే పుట్టింది.

నోరు మూసుకుంటే సరిపోతుంది. అంతే. కత్తెర ఇక తనదే.

"ఓనరుగారూ, బాణం సరిగ్గానే ఉంది. తిరగేసి కుట్టింది నేను." మాట కాస్త కటువుగానే వచ్చింది.

"మీ ఇంటి గొడవలు నా తెర మీద పెడతారేంటమ్మా!" ఓనరు నెత్తి బాదుకున్నాడు. "ఆ కత్తెర ఆ పిల్లకిచ్చెయ్. చీకటి పడేలోపు తెర సిద్ధం కావాలి నాకు."

పెద్దకోడలు కత్తెర తెచ్చి చిన్నకోడలి ముందు బల్ల మీద పెట్టింది. వేళ్లు పిడిని వదలడానికి కాస్త మొరాయించాయి.

"నా ముడి నువ్వు చూశావుగా?"

"చూశానక్కా."

"మరి నీ నెత్తినెందుకు వేసుకున్నావే?"

"పోయినసారి ఓనరు నిన్ను అన్నందుకే నువ్వింకా సరిగ్గా తినట్లేదు. ఇంకోసారంటే ఏమైపోతావోనని భయమేసింది. నాదేముంది, రెండ్రోజులు ఏడ్చి లేచేదాన్ని."

రెండ్రోజులట! ఎంత తేలిగ్గా అనేసింది! పెద్దకోడలి ఒళ్లు మళ్లీ భగ్గుమంది. ఆ మంట ఇప్పట్లో ఆరేది కాదని ఆమెకీ తెలుసు. అయినా స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. బ్లేడు తీసుకుని తన ముడిని తనే తెగ్గోసింది. కుట్టంతా విప్పి, ముక్కని ఒళ్లో పరుచుకుని, తలెత్తకుండా అడిగింది.

"బాణం ఎటు రావాలో చెప్పు."