అత్త కుడిచెయ్యి

నేను కోవూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో రోజూ పాలు పితికే చప్పుడుకే మెలకువ వచ్చేది. ఖాళీ తపేలా అడుగున మొదటి ధారలు టంగుమని మోగేవి. పాలు పైకి వచ్చేకొద్దీ ఆ మోత మెత్తబడి, చివరికి నురుగులో కలిసిపోయేది. కళ్లు తెరవకుండానే ఇప్పుడు తపేలా సగమైంది, ఇప్పుడు నిండవచ్చింది అని చెప్పగలిగేదాన్ని. అది అరవై ఒకటో సంవత్సరం.

మా అత్త పేరు ఆదిశేషమ్మ. మనిషి పొట్టి, చేతులు మాత్రం మొగవాళ్ల చేతుల్లా ఉండేవి. పొలం మా మామ జయరామయ్యది, పాడి అత్తది. ఏ చేలో ఏ వడ్లు చల్లారో అత్త అడిగేది కాదు. దొడ్లో ఏ గేదె ఎప్పుడు ఈనుతుందో మామకు తెలిసేది కాదు. ఉన్నవి రెండు గేదెలు. ఒకటి సాధువు, ఎవరు కూర్చున్నా పాలిచ్చేది. రెండోదానికి నొసట తెల్లమచ్చ ఉండేది, దాన్ని బొల్లి అని పిలిచేవాళ్లం. బొల్లికి అత్త తప్ప మరో మనిషి చెయ్యి గిట్టదు. ఒకసారి అత్తకు జ్వరమొచ్చినప్పుడు పాలేరు హజరత్తయ్య దాని దగ్గర కూర్చోబోతే తపేలాతో సహా ఎగరదన్నింది. అతను చాన్నాళ్లు కుంటుతూ తిరిగాడు. ఆ పూట అత్త దుప్పటి కప్పుకునే లేచివచ్చి పితికింది.

నాకు గేదెలంటే భయం. మాది దొరవారిసత్రం. మా పుట్టింట్లో ఉన్నవి దుక్కిటెద్దులు, పాలు వాడుకగా పోయించుకునేవాళ్లం. దొడ్లోకి పోవలసి వస్తే గోడవారగా నడిచేదాన్ని. అత్త నవ్వేదీ కాదు, కోప్పడేదీ కాదు.

"నువ్వు పొయ్యికాడ ఉండు మే పెంచలా. ఈడ నాకెవురూ అక్కర్లా" అనేది.

ఆ మాట నాకు హాయిగానే ఉండేది.

నా కాపురానికి రెండేళ్లు నిండాక, వానాకాలంలో అనుకుంటాను, పొద్దున వినబడే చప్పుడులో తేడా వచ్చింది. ధార వెంట ధార పడడం పోయి ఆగి ఆగి పడేది. మొదట పట్టించుకోలేదు. తరువాత వంటింట్లో కనిపెట్టాను. చేటలో బియ్యం ఏరేటప్పుడు మట్టిబెడ్డ కుడిచేతి వేళ్లకు దొరక్క ఎడమచేత్తో తీసేది. ఆవాలు చిటికెడు తీసుకోబోతే సగం కింద రాలేవి. మాటల మధ్యలో చెయ్యి విదిలించేది, తడి విదిలించుకున్నట్టు.

"ఏమైంది అత్తా చేతికి?"

"తిమ్మిరి మే. పండుకుంటే ఎక్కువ. చీమలు పారినట్టుంటాది. లేచి విదిలిస్తే పోతాది. చిటికినవేలు మాత్రం బాగానే ఉంది, అదేందో."

ఊళ్లో అందరూ వాతమన్నారు. వావిలాకు కాపడం పెట్టాం, ఆముదం రాశాం. మామ పుత్తూరు దాకా తీసుకుపోయాడు. అక్కడ కట్టుకట్టే ఆయన మణికట్టు నలువైపులా నొక్కి చూసి, "ఎముక సుబ్బరంగా ఉందమ్మా. నేను కట్టేదేమీ లేదు" అని పంపేశాడు.

ఆసుపత్రి మాటెత్తితే అత్త ఒప్పుకునేది కాదు. వీధి చివర కామాక్షయ్యకు కాలిపుండు ముదిరి, చివరికి కాలు తీసేయవలసి వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉండడం రోజూ చూసేది. "ఆడికి పోతే కత్తే మే. కాలు లేకపోయినా ఆయన కూర్చోనుండాడు. చెయ్యి లేకపోతే నేనేం చేస్తాను?" అనేది.

అత్తను కదిలించింది మేమెవరమూ కాదు, బొల్లి. ఒక ఉదయం దాని పొదుగు కుడిపక్క వాచి, ఎర్రబడి, ముట్టుకోనివ్వలేదు. పాలు పూర్తిగా తియ్యకుండా మిగిలిపోతే అట్లా గడ్డ కడుతుంది. అత్తకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. వేపాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెడుతూ పొద్దెక్కేదాకా దాని పక్కనే కూర్చుంది. నేను కాఫీ తీసుకుపోతే తాగలేదు.

"అయిపోయినాయనుకొని లేస్తా ఉండా" అంది మెల్లగా. "వేళ్లకు తెలిస్తే గదా, ఇంకా ఉండాయో లేవో."

వాపు తగ్గాక తనే నెల్లూరు పోదామంది.

మా ఆయన మాల్యాద్రి, నేను, అత్త బస్సెక్కి పెన్న దాటాం. ఎండాకాలం మొదలు, ఏట్లో ఇసకే ఎక్కువ కనిపించింది. అత్త కుడిచెయ్యి పైటలో చుట్టుకుని కూర్చుంది. మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ నడివయసు మనిషి, రాయవేలూరులో చదువుకుని వచ్చిందట. అత్త చెప్పుకున్నదంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. చిటికినవేలు బాగుందన్నప్పుడు మాత్రం తలెత్తి చూసింది. రెండు చేతులూ మణికట్టు దగ్గర కిందికి వంచి కాసేపు అట్లాగే ఉంచమంది. కొంచెం సేపటికే అత్త మొహం ముడుచుకుంది.

"చీమలా?" అంది డాక్టరమ్మ.

"అవునమ్మా. అయ్యే."

"నీకు వాతం లేదు. వేళ్లకు పోయే నరం ఒకటి ఇక్కడ మణికట్టులో ఇరుకుసందులో నుంచి పోతుంది. ఆ సందు బిగిసింది, నరం నలుగుతోంది. పైన అడ్డంగా ఉన్న పట్టీని కోసి దారి వదులు చేస్తాం. చెయ్యి తియ్యం, వేలు తియ్యం."

"కొయ్యకుండా కాదా?"

"రాత్రిళ్లు చెక్క కట్టుకుని పడుకుంటే తిమ్మిరి తగ్గొచ్చు. పాలు పితకడం మానేస్తే ఇంకా తగ్గొచ్చు. కానీ ఇదిగో, ఇక్కడ చూడు." డాక్టరమ్మ అత్త రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టింది. కుడి బొటనవేలి మొదట్లో కండ పలచబడి గుంటపడింది. ఆ చేతులను నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఆ గుంట మాత్రం అప్పుడే చూశాను. "ఇది కరిగేకొద్దీ మళ్లీ రావడం కష్టం. నీ ఇష్టం, బలవంతం లేదు. ఆలస్యం మాత్రం మంచిది కాదు."

"కోసినాక బర్రెల కాడ కూర్చోవచ్చునా?"

డాక్టరమ్మ అత్త కుడి బొటనవేలు ఒకసారి వంచి చూసింది. "మూడు నెలలు అసలు కూడదు. ఆ తరువాత ఎంత పట్టు వస్తుందో నేను ఇప్పుడు చెప్పలేను. చెప్పినా అది అబద్ధమే అవుతుంది."

మగ్దలీనమ్మ అనే నర్సు గుడ్డ చుట్టిన చెక్కపట్టీ ఇచ్చి ఎట్లా కట్టుకోవాలో చూపించింది. అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సులో కూర్చుంది.

ఆ సాయంత్రం మామ అన్నం తింటూ తనకు తోచిన ఉపాయం చెప్పాడు. "రెండు బర్రెల్నీ అమ్మేస్తే సరిపోతాది గదా. చేతికి విశ్రాంతి. ఇంట్లోకి కావాల్సిన పాలు కొనుక్కుందాం."

మంచికే అన్నాడు పాపం. అత్త చేతిలో గరిటె గిన్నెలో పెట్టి దొడ్లోకి వెళ్లిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోనాడు మామే, "బర్రెల్ని అమ్మను లేవే" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా చెక్క కట్టుకునే పడుకుంది. నిద్ర పట్టేది. పొద్దున లేచి మళ్లీ పితికేది, మళ్లీ మొదటికొచ్చేది. మా ఆయన ఆపరేషన్ చేయించుకోమని చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. కత్తి భయం నెల్లూరులోనే సగం తగ్గింది. మిగిలిన భయం బొల్లి గురించి. మూడు నెలలు దాని దగ్గర ఎవరు కూర్చుంటారు?

ఒకరోజు అత్త తవుడు కలుపుతుంటే దగ్గరకు పోయి, "నాకు నేర్పించు అత్తా" అన్నాను.

నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు గోడ పట్టుకొని నడుస్తావు గదా మే."

"గోడ వదిలేస్తాను."

నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

మొదట సాధుగేదె దగ్గర మొదలుపెట్టించింది. మోకాళ్ల మధ్య తపేలా ఇరికించుకోవడం, తల దాని డొక్కకు ఆనించడం, బొటనవేలు లోపలికి మడిచి గుంజకుండా పిండడం. నా వేళ్లు నొప్పులతో వాచిపోయేవి. అన్నం కలుపుకోవడానికి కూడా వంగేవి కాదు. గేదె మాత్రం ఓపిగ్గా నిలబడి నెమరేసేది. నెల తిరిగేసరికి తపేలా సగం దాకా తేగలిగాను.

తరువాత బొల్లి. అత్త తన చీర నాకు కట్టించింది, దానికి తన వాసన తెలియాలని. తను తల దగ్గర నిలబడి, "హో తల్లీ, మన పిల్లే తల్లీ" అంటూ మెడ నిమిరింది. బొల్లి తన్నలేదు, పాలూ చేపలేదు. పొదుగు రాయిలా బిగబట్టి నిలబడింది. రెండు రోజులు అంతే. మూడోరోజు అత్త తల దగ్గర నుంచి వచ్చి నా వెనకే గొంతుక్కూర్చుంది. నా చేతి మీద తన కుడిచెయ్యి వేసి, నా వేళ్లతో పాటు తన వేళ్లూ కదిపింది. దానికి ఏం తెలిసిందో ఏమో, పొదుగు వదులైంది. బొల్లి నాకిచ్చిన మొదటి ధార నా మోకాలి మీద పడింది.

"వచ్చినాయి అత్తా" అన్నాను, వెనక్కి తిరగకుండానే.

"నా చెయ్యి ఇంకా నీ చేతి మీదనే ఉండాదా?" అంది అత్త.

వెనక్కి తిరిగి చూశాను. ఆమె పక్కన కట్టేసిన బొల్లి దూడ వైపు చూస్తోంది.

"ఉంది అత్తా."

"నాకు తెలవడం లేదు మే. నీ చెయ్యి వెచ్చగా ఉండాదో, చల్లగా ఉండాదో గూడా తెలవడం లేదు."

పాలు మిగలకుండా తియ్యమని అత్తే గుర్తుచేసింది. తీశాను. లేచాక తను కుడి అరచేతిని మొహం దగ్గర పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసుకుంది. ఇంట్లోకి పోయి మామ పడక్కుర్చీ ముందు నిలబడింది.

"నెల్లూరు పోదాం. కోయించుకుంటాను."

"బర్రెలో?" అన్నాడు మామ.

"పెంచలమ్మ చూస్తాది."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇదీ అని చెప్పలేను. భయం కూడా అంతే ఉంది.

చేతికి మాత్రమే మత్తుసూది వేసి కోశారు. అత్త మెలకువగానే ఉంది. మధ్యలో ఒక గుడ్డ అడ్డం కట్టారట, మగ్దలీనమ్మ తల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పిందట. ఆమెదీ పాడి ఉన్న ఇల్లే. "ఈతకు ముందు ఏం పెడతారు, దూడకు జున్నుపాలు ఎన్నాళ్లు వదలతారు, అన్నీ అడిగింది మే. నేను చెప్తా ఉండగానే కుట్లేసేసినారు" అని తరువాత ఎన్నోసార్లు చెప్పుకుంది.

అత్త ఆసుపత్రిలో ఉన్న మొదటి పూట బొల్లి నన్ను దగ్గరకు రానివ్వలేదు. దూడను వదిలినా చేపలేదు. మెడ చాచి వీధి గుమ్మం వైపు చూస్తూ అరిచింది. ఎట్లారా దేవుడా అనుకుంటుంటే మామ తవుడు గంప తీసుకుని వచ్చాడు. ఆయన దొడ్లోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. పంచె ఎగగట్టి బొల్లి తల దగ్గర నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూసి, అత్త గొంతు లాగా సన్నగా, "హో తల్లీ, మన పిల్లే తల్లీ" అన్నాడు. గోడ అవతల హజరత్తయ్య నవ్వు ఆపుకోలేక దగ్గడం నాకు వినబడింది. మామ ఆగలేదు. బొల్లి ఆయన మొహం కేసి చాలాసేపు చూసి, చివరికి తవుడులో మూతి పెట్టింది. ఆ పూట అర తపేలా కూడా రాలేదు. అయినా వచ్చాయి.

అత్త ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం మామ వదల్లేదు.

కుట్లు విప్పిన కొత్తలో వేళ్లలో ఏ మార్పూ లేదు. అత్త నిరాశపడింది, పైకి మాత్రం అనలేదు. రాత్రి తిమ్మిరి మొదట పోయింది. స్పర్శ మెల్లగా వచ్చింది, చూపుడువేలుకు ముందు, తరువాత నడిమివేలుకు. ఆ ఏడు చివర్లో నాకు ఆడపిల్ల పుట్టింది. పురిటి రోజులు గడిచాక అత్త పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. వేలితో పిల్ల వీపు మీద అటూ ఇటూ రాసి, "దీని ఒంటిమీద నూగు ఉండాది మే. తగలతా ఉంది నాకు" అంది. ఆ నూగు పోయేదాకా రోజూ తడిమి చూసుకునేది.

బొటనవేలి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. మూడు నెలలు దాటాక బొల్లి దగ్గర కూర్చుంది, రెండు చన్నులు పితికేసరికి చెయ్యి అలిసిపోయింది. లేచి పీట నా వైపు జరిపింది. "మిగిలినయ్యి నువ్వు తియ్యి" అంది. బాధపడుతుందేమోనని మొహం చూశాను. కొంచెం బాధ ఉంది. ఎక్కువ లేదు. అప్పటినుంచి మాకు అదే వాడుకైంది. రెండు ఆమెవి, రెండు నావి, తల దగ్గర మామ. ఆ దొడ్లో మేము ముగ్గురమూ మాట్లాడుకున్నన్ని మాటలు ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పొలం సంగతులు అత్తకు, ఈతల సంగతులు మామకు తెలిసింది అక్కడే. ఇద్దరూ పోయి ఎన్నో ఏళ్లయింది. ఇప్పటికీ తవుడు తడిసిన వాసన తగిలితే నాకు ఆ పొద్దులే గుర్తొస్తాయి.

అరవై ఎనిమిదిలో అత్త ఎడమచేతికి కూడా తిమ్మిరి మొదలైంది. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మామకు మజ్జిగ పోస్తూ, "సోమారం నెల్లూరు పోవాల. ఈ చెయ్యి గూడా కోస్తామన్నారు" అంది.

మామ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "ఎవురన్నారు?"

"డాక్టరమ్మ. నిన్న పోయొచ్చినాను."

"ఒక్కతివే పోయినావా?"

"బస్సుంది గదా" అంది అత్త. "తోడు రావాలంటే సోమారం రా. ఉత్తచేతుల్తో రావాకు, మగ్దలీనమ్మకు చెంబెడు జున్నుపాలు తెస్తానని మాటిచ్చినాను."