హాలుకి సున్నం వేసింది మేము

మెట్టుగూడలో మా చర్చికి ఈ నెల డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా వేస్తున్న సావనీర్ ప్రూఫు శనివారం మధ్యాహ్నం వాట్సాప్‌లో వచ్చింది. పన్నెండో పేజీలో "కమిటీ సభ్యుల కృషితో హాలుకు కొత్త సున్నం" అని ఉంది. పక్కన ఫొటోలో కోట్లు వేసుకున్న ఆరుగురు మగవాళ్లు, కింద వాళ్ల పేర్లు.

సున్నం వేసింది మేము. పెయింటర్ రానని చెప్పేస్తే, స్త్రీల సమాజంలో తొమ్మిది మందిమి కొంగులు బిగించి మూడు రోజులు నిచ్చెనలెక్కాం.

కార్యదర్శి హెన్రీగారికి ఫోన్ చేశాను.

"ఫొటోలున్నయా సిస్టర్? ఉంటే పంపండి. అయిదింటికి ప్రెస్‌కు పోతది. లేకుంటే ఇదే అచ్చయితది."

ఉన్నాయి. ఫోన్లు సున్నంలో పడతాయన్న భయంతో ఆ రోజుల్లో పాత డిజిటల్ కెమెరా పట్టుకెళ్లాను. అప్పుడు మూడున్నర అయింది.

మావారు ఆర్థర్ కెమెరాకి ఒక వైరు గుచ్చి, రెండో కొస లాప్‌టాప్‌కి పెట్టారు. కెమెరాలో ఛార్జింగ్ గుర్తు వెలిగింది. లాప్‌టాప్ మాత్రం ఉలకలేదు. మెమరీ కార్డు తీసి పెడదామంటే లాప్‌టాప్‌కి ఆ సందే లేదు.

"కెమెరా పోయింది. వదిలేయ్ కాంతమణీ."

"పోయిన కెమెరా రోసమ్మని ఎలా చూపిస్తోందండీ?" దాని వెనక చిన్న తెరలో మా సమాజం రోసమ్మ బ్రష్షు ఎత్తి నవ్వుతోంది.

"అయితే లాప్‌టాప్ దీన్ని గుర్తు పట్టట్లేదు. ఒక పేజీ కోసం ఇంత రాద్ధాంతమా?"

కెమెరాతో వచ్చిన పుస్తకం బీరువాలోంచి తీశాను. పెట్టెతో ఇచ్చిన వైరే వాడాలని అందులో రాసుంది. మావారు గుచ్చింది స్పీకర్ ఛార్జింగ్ వైరు. అసలుది ఎప్పుడో పోయింది.

"వైర్లన్నీ ఒకటేనోయ్."

"ఒకటే అయితే ఇన్ని ఎందుకు దాచారు?"

సొరుగంతా మంచం మీద బోర్లించాను. కెమెరాకి పట్టే కొస ఉన్నవి నాలుగు దొరికాయి. మొదటి రెండూ కరెంటు తప్ప ఇంకేమీ మోయలేదు. మూడోది పాత హార్డ్‌డిస్కుది, లావుగా ఉంది. అది పెట్టగానే లాప్‌టాప్ టింగుమంది. ఫోల్డరు తెరుచుకుంది. మావారు కుర్చీ నాకు వదిలి లేచారు.

పదకొండు ఫొటోలు, తొమ్మిది పేర్లూ హెన్రీగారికి పంపాను. నాలుగూ నలభైకి ఫోన్ వచ్చింది.

"ఒక ఫొటో చాలు సిస్టర్. చిన్నగ వేస్తం. కింద స్త్రీల సమాజం అని రాస్తం."

"పేర్లు?"

"తొమ్మిది పేర్లకు జాగా ఏడుంది? జెర అర్థం చేసుకోండి."

"కోట్ల ఫొటో తీసేయండి. జాగా అదే వస్తుంది."

మావారు వద్దని చెయ్యి ఊపుతున్నారు. నేను గోడవైపు తిరిగాను.

"పేర్లు వేయకపోతే పదకొండూ పెద్దగా ప్రింటు తీయించి, డెబ్బై అయిదేళ్ల పండుగనాడు హాలు గుమ్మం పక్కన నేనే అతికిస్తాను. బిషప్‌గారు అటే కదా వచ్చేది."

"పరేషాన్ చేస్తున్నరు సిస్టర్."

"అవును, చేస్తున్నాను."

అవతల కాసేపు కాగితాల చప్పుడు.

"సరే. ఎవరు ఎక్కడున్నరో చెప్పండి, రాసుకుంటా. నిచ్చెన మీద పైనున్నామె ఎవరు?"

"రోసమ్మ. పదేళ్లుగా మీ ఎదురింట్లోనే ఉంటోంది."